రేపటి టీచరూ, ఉడత చెల్లెలూ

మా బడిలో నా లైబ్రరీకీ రేపటి టీచర్ గదికీ మధ్య గోడ లేదు, రెండు ఇనుప బీరువాలు ఉన్నాయి. వాటి వీపులు నా వైపు తిప్పి నిలబెట్టి, ఇదే గది అన్నారు హెడ్ మేడమ్. లైబ్రరీలో ఒక మూలను అలా లాగేసుకున్నందుకు నాకు చాలాకాలం ఒళ్ళు మండింది. పైగా ఆ బీరువాలు పైకప్పు దాకా ఉండవు, అందుకని అటు మాట్లాడిన ప్రతి మాటా ఇటు నా చెవిన పడాల్సిందే. పొంచి విన్నానని మీరనుకుంటే అనుకోండి. చెవులు మూసుకుని కూర్చోమని లైబ్రేరియన్‌కి ఏ రూలూ లేదు.

ఆ గదిలో కూర్చునే టీచర్ ఉద్యోగం ఏమిటంటే, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, పెద్దయ్యాక ఏ పని చేయాలో, అందుకు ఏం చదవాలో వాళ్ళే తేల్చుకునేలా సాయం చేయడం. బోర్డు మీద పెద్ద పేరే రాయించారు గానీ దాన్ని ఎవరూ పలికిన పాపాన పోలేదు. లోపలికొచ్చిన ప్రతివాణ్ణీ "ఏం బాబూ, రేపటి సంగతేంటి?" అని పలకరిస్తుంది కాబట్టి పిల్లలు ఆవిడకి రేపటి టీచర్ అని పేరు పెట్టారు. ఆ పేరు తర్వాత మా నోటికీ వచ్చింది. చివరికి హెడ్ మేడమ్ కూడా స్టాఫ్ మీటింగులో అలాగే పిలిచి నాలిక కరుచుకున్నారు.

పెద్దయ్యాక ఏమవుతావని మాత్రం ఆవిడ ఎవర్నీ అడగదు. "ఆ ప్రశ్నకి పిల్లలు వాళ్ళ నాన్న జవాబు చెప్తారు సార్" అనేది నాతో. ఆవిడ అడిగేది ఒకటే. "ఏ పని చేస్తుంటే నీకు ఆకలి గుర్తుకురాదు?" ఏడో తరగతి వాడొకడు "నిద్రపోతుంటే" అన్నాడు. బీరువాల ఇవతల నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆవిడ నవ్వలేదు. నిద్ర పట్టనివాళ్ళకి వైద్యం చేసే డాక్టర్లు ఉంటారని చెప్పి, మరుసటి వారం వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వాడు అక్కడ బల్ల మీద నిజంగానే నిద్రపోయాడట.

అలా తీసుకెళ్ళడాన్ని పూట పని అనేవాళ్ళం. పిల్లవాడికి ఏ పని మీద మనసుందో ఆ పని జరిగే చోట ఒక పూట కూర్చోబెట్టేది. దానికోసం ఊళ్ళో ఉన్న షాపులూ, వర్క్‌షాపులూ, ఆఫీసులూ కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగేది. బేకరీవాడి దగ్గర, కళ్ళజోళ్ళ షాపాయన దగ్గర, లాయరు దగ్గర, ఎవరు కాదంటే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి బతిమాలేది. ఆ పూట అయిపోయాక పిల్లలు ఆ పనివాళ్ళని ఒక ప్రశ్న అడిగి తీరాలి. "ఈ పనిలో మీకు నచ్చనిది ఏంటి?" దాన్ని చేదు ప్రశ్న అనేది. జవాబు పైపైన చెబితే ఊరుకునేది కాదు. "ఇంకా?" అని అడిగేది. మళ్ళీ "ఇంకా?" అనేది. బేకరీవాడు మొదట పొయ్యి వేడి అన్నాడట. చివరికి, తన పిల్లలు లేచేటప్పటికి తను పనిలో ఉంటాడనీ, తను ఇంటికొచ్చేటప్పటికి వాళ్ళు పడుకుంటారనీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడట. పశువుల డాక్టరు దగ్గరకి వెళ్ళిన ఒక పిల్ల ఆ ప్రశ్నకి వచ్చిన జవాబు విని దారంతా ఏడ్చుకుంటూ వచ్చింది. అయినా ఆ చదువే చదువుతానంది, ఇప్పుడు చదువుతోంది కూడా.

ఇంత చేసి, వద్దు అనే మాట మాత్రం ఆవిడ ఏ పిల్లకీ చెప్పలేదు. తల్లిదండ్రులు వచ్చి అరిచేవాళ్ళు. ఒకాయన బల్ల గుద్దితే నా వైపు బీరువా మీదున్న గ్లోబు దొర్లి పడింది. ఆవిడ గొంతు పెరిగేది కాదు. "అన్నీ చూపించాను సార్. మంచీ చెప్పించాను, చెడూ చెప్పించాను. ఇక వాడే తేల్చుకుంటాడు" అనేది. ఆవిడ భర్త పుస్తకాల బైండింగు చేసేవాడు, చిరిగిన పుస్తకాల కోసం మా లైబ్రరీకి వస్తూండేవాడు. "ఊళ్ళోవాళ్ళ పిల్లల రేపటి గురించి ఈవిడకి బెంగ సార్. మా ఇంట్లో ఇవాళ ఏం వండాలో నాకే తెలియాలి" అని వేళాకోళం ఆడేవాడు. ఆ మాటలో ముచ్చటే ఉండేది గానీ కోపం ఉండేది కాదు.

ఇక ఉడత సంగతి చెప్పాలి.

ఆ పేరు పెట్టింది నేనే. తొమ్మిదో తరగతి చదివేవాడు. కప్పు మీద బంతి పడితే వాడే ఎక్కాలి. ప్రహరీ గోడ మీద వాడు నడుస్తుంటే డ్రిల్ మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చేది. నా కిటికీ పైనున్న సన్‌షేడ్ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే "దిగరా!" అని నేను అరవడం, వాడు నవ్వడం రోజూ ఉండే భాగోతమే. మార్కులు చెప్పుకోదగ్గవి కావు. తండ్రి వాడి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని చేసేది. బడి అయ్యాక, ఐదో తరగతి చదివే చెల్లెలు వాడి వెంటే తోకలా ఉండేది.

"ఏ పని చేస్తుంటే ఆకలి గుర్తుకురాదు నీకు?" అని ఆవిడ అడగడం విన్నాను.

"ఎక్కుతుంటే."

"ఏం ఎక్కుతుంటే?"

"ఏదైనా సరే టీచర్. ఎక్కేసి పైనుంచి చూస్తుంటే అసలేమీ గుర్తుకురాదు."

ఇంకెవరైనా అయితే నాలుగు తిట్టి పంపేవాళ్ళు. ఈవిడ ఎత్తున చేసే పనులన్నీ వెతికింది. ఎత్తైన భవనాలకి రంగులేసేవాళ్ళు, చెట్ల కొమ్మలు కొట్టేవాళ్ళు, కరెంటు లైనువాళ్ళు, అందర్నీ చూపించింది. వాడి మనసు కరెంటు స్తంభం మీద పడింది.

పూట పనికి వాణ్ణి లైనువాళ్ళ యార్డుకి తీసుకెళ్ళింది. అక్కడ మేస్త్రీ నెరిసిన మీసాల మనిషి. పని చూపించాడు, నడుముకి బెల్టు కట్టి చూపించాడు. చివర్లో వాడు చేదు ప్రశ్న అడిగాడు. మేస్త్రీ తన కుర్రాళ్ళ వైపు చూసి నవ్వాడట. "వానొస్తే ఊరంతా ఇంట్లోకి పరిగెడుతుంది బాబూ, మేం బయటికి పరిగెడతాం. అదే నచ్చదు" అన్నాడట. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ రోజు మాత్రం "ఇంకా?" అని అడగలేదు. వాడు తలెత్తి స్తంభం చివరిదాకా చూస్తూ నిలబడ్డాడనీ, ఆ మొహం చూస్తే ఇంకేమీ అడగబుద్ధి కాలేదనీ తర్వాత నాతో అంది.

ఆ పనికి కావలసిన కోర్సులో చేరాలంటే లెక్కల్లో మార్కులు కావాలి. బడి వదిలాక ఆవిడ ఆ బీరువాల వెనక వాడికి లెక్కలు చెప్పేది. వాడు తప్పు చేసినప్పుడల్లా బల్ల మీద తల వాల్చి మూలిగేవాడు. "లే, స్తంభం ఇంకా పైకుంది" అనేది ఆవిడ. వాడు పదో తరగతి పాసవడం మా బడిలో అందరికీ వింతే. కోర్సు చదివాడు, ఉద్యోగం వచ్చింది. తల్లి స్టాఫ్‌రూముకి బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకొచ్చి అందరికీ పంచింది. ఒకరోజు మా బడి కరెంటు తీగ మార్చడానికి వాడే వచ్చాడు, యూనిఫాం వేసుకుని, తలమీద టోపీతో. పిల్లలంతా కిటికీలకి అతుక్కుపోయారు. వాడు స్తంభం మీదనుంచి నా కిటికీ వైపు చూసి, "లైబ్రరీ సార్, ఇప్పుడనండి దిగమని!" అని అరిచాడు. నేను నవ్వాను. నిజం చెప్పొద్దూ, నాక్కూడా గర్వంగానే అనిపించింది.

తర్వాతి వానల్లో వాడు పోయాడు.

రాత్రి గాలివానకి తీగలు తెగితే, తెల్లారాక బాగుచేయడానికి వెళ్ళారు. లైను ఆపారు, పరీక్షించుకున్నారు. చేయాల్సినవన్నీ చేసి వాడు పైకెక్కాక, ఆ వీధిలో ఎవరో షాపువాడు జనరేటర్ వేశాడు. దాన్ని షాపు వైరింగుకి ఎలా కలిపాడో ఏమో, ఆ కరెంటు వెనక్కి తన్ని, ఆపేసిన లైనులోకి వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అందుకే ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ఆ కబురు హెడ్ మేడమ్ తెచ్చినప్పుడు ఆవిడ బీరువాల అవతల ఒక ఆరో తరగతి పిల్లతో మాట్లాడుతోంది. ఆవిడతో పాటే నేనూ విన్నాను. తర్వాత ఆవిడ ఆ పిల్లతో, "నువ్వు క్లాసుకి వెళ్ళమ్మా, మళ్ళీ మాట్లాడుకుందాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. నేను అటువైపు వెళ్ళాను. ఆవిడ కళ్ళల్లో చుక్క నీరు లేదు. అది చూసి నాకు భయమేసింది.

వాళ్ళింటికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఒక గది, వెనక చిన్న వంటిల్లు. తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చెల్లెలు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. రేపటి టీచర్ వెళ్ళి తల్లి ముందు నేలమీద కూర్చుంది. తిట్టించుకోవడానికే వచ్చిందని నాకు తెలుసు. దారిలో అన్నదే ఒక మాట, "ఆవిడ నన్ను ఏమన్నా మీరు అడ్డు రాకండి సార్" అని. కానీ తల్లి తిట్టలేదు. "మీరేం చేస్తారమ్మా. వాడికిష్టమైన పని వాడు చేశాడు" అని, ఈవిడ చెయ్యి పట్టుకుంది. తిరిగొస్తుంటే రేపటి టీచర్ రెండుసార్లు వేరే వీధిలోకి తిరిగింది. నేను చెయ్యి పట్టి ఇటు తిప్పాల్సివచ్చింది.

ఆ తర్వాత కూడా పిల్లల్ని పిలిచేది, మాట్లాడేది. మాటల్లో జీవం లేదు. భర్త నా దగ్గరకొచ్చి, బైండు చేసిన పుస్తకాలు బల్లమీద పెట్టి, "సార్, ఇంట్లో ముద్ద మింగదు. పలకరిస్తే పనుందని లేచి వెళ్ళిపోతుంది. మీతో ఏమైనా అంటోందా?" అని అడిగాడు. ఏమీ అనడం లేదన్నాను. ఆయన వేళాకోళాలన్నీ ఎక్కడికి పోయాయో, పాపం, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఆవిడ ఒక్కతే మేస్త్రీ దగ్గరకి వెళ్ళింది. వచ్చాక నా ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ఆ రోజు అసలు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను సార్. ఆయన ఏమన్నాడో తెలుసా? స్తంభం కింద ఆ మాట ఎత్తకూడదట. పడటం, పోవడం, దెబ్బ తగలడం, ఏదీ యార్డు లోపల నోట రానివ్వరట. పైకెక్కేవాడి చెవిన పడితే చెయ్యి వణుకుతుందని వాళ్ళ పెద్దాయన నేర్పాడట. అలాంటివన్నీ గేటు బయటికెళ్ళి మాట్లాడుకుంటారట."

"అయితే?"

"గేటు బయట అడిగుంటే చెప్పేవాణ్ణమ్మా అన్నాడు. నేను లోపల అడిగించాను సార్. స్తంభం కిందే నిలబెట్టి అడిగించాను."

"వాడు విన్నా ఎక్కేవాడే టీచర్ గారూ" అన్నాను. అది నిజమే కావచ్చు. కానీ ఆవిడకి కావలసింది అది కాదు. విన్నాక ఎక్కడం వేరు, వినకుండా ఎక్కడం వేరు. పిల్లలకి అన్నీ చూపించానని ఇన్నేళ్ళూ చెప్పుకున్న మనిషికి ఆ తేడా గుండెలో ముల్లులా దిగింది.

రోజులు గడిచాయి. చెల్లెలు పదో తరగతికి వచ్చింది. చదువులో అన్నకంటే చాలా నయం. నెమ్మదైన పిల్ల, నోట్లో నాలుక లేదనిపించేది. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు విని నేను చేస్తున్న పని ఆపేశాను.

"నన్ను ఆకలి ప్రశ్న అడగరా టీచర్?" అంది ఆ పిల్లే.

"చెప్పమ్మా."

"అన్న చేసిన పని చేస్తాను."

"అది జవాబు కాదు. అన్నని కాసేపు పక్కన పెట్టి చెప్పు."

తర్వాత ఆ పిల్ల చిన్నగా నవ్వినట్టు వినిపించింది. "చిన్నప్పుడు వాడు ఎక్కినవన్నీ నేనూ ఎక్కాను టీచర్. ఆ సన్‌షేడ్ కూడా. వాడు దొరికిపోయేవాడు, నేను దొరికేదాన్ని కాదు. అంతే తేడా."

నేను ఉలిక్కిపడ్డాను. నా కిటికీ పైన, నాకు తెలియకుండా! ఇన్నాళ్ళూ ఒక ఉడతే ఉందనుకున్నాను.

రెండు రోజుల్లో తల్లి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు నాని తెల్లబడి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది నా మాట వినట్లేదమ్మా. మీ మాటంటే దానికి గురి. వద్దని ఒక్క ముక్క చెప్పండి, చాలు."

"ఇంతవరకూ ఏ పిల్లకీ వద్దని చెప్పలేదమ్మా నేను."

"అందుకేగా..." అని ఆగిపోయింది తల్లి. మిగతాది అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

రేపటి టీచర్ అంది. "నేను వద్దంటే లోపలే పెట్టుకుని కుమిలిపోతుంది. లేకపోతే పంతం పట్టి వెళ్తుంది. ఈసారి అన్నీ చూపిస్తాను, అన్నీ చెప్పిస్తాను. మీరూ మాతో రండి. మీ అబ్బాయి పనిచేసిన చోటు మీరు చూడలేదు కదా."

"చూడలేదు. చూడాలనీ లేదు."

కానీ వచ్చింది. పిల్లని ఒంటరిగా పంపడానికి మనసొప్పక వచ్చింది. బడి రూలు ప్రకారం పూట పనికి ఇద్దరు స్టాఫ్ వెళ్ళాలి కాబట్టి నేను కూడా వెళ్ళాను. డ్రిల్ మాస్టారిని పంపుతామన్నారు, నేనే ఒప్పుకోలేదు.

యార్డులో ఒక పక్క సిమెంటు స్తంభాలు పేర్చి ఉన్నాయి. ఇంకో పక్క తీగ చుట్టిన పెద్ద పెద్ద చెక్క చక్రాలు. మధ్యలో ఇసుక పోసిన చోట నేర్చుకునేవాళ్ళ కోసం తీగల్లేని స్తంభాలు పాతారు, వాటికి కరెంటుతో సంబంధం లేదు. తల్లి వాటికి దూరంగా నిలబడింది. మేస్త్రీ ఆవిడని చూసి టోపీ తీశాడు. ఆ పూటంతా పిల్లకి పనిముట్లు చూపించాడు, లైను ఆపేటప్పుడు ఏమేం చేస్తారో చెప్పాడు. పిల్ల అడిగిన ప్రశ్నలకి కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అన్నీ పని తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలే.

చివరికి ఆ పిల్ల అడిగింది. "మీకు ఈ పనిలో నచ్చనిది ఏంటి?"

కుర్రాళ్ళు చేతుల్లో పని ఆపేశారు. మేస్త్రీ రేపటి టీచర్ వైపు చూశాడు. ఆవిడ ముందే గేటు వైపు నడుస్తోంది. మేమంతా వెనకే వెళ్ళాం. రోడ్డు పక్కన, లారీలు లేపే దుమ్ములో నిలబడ్డాం. మేస్త్రీ ఆ తల్లి వైపు చూడకుండా, పిల్ల వైపే చూస్తూ చెప్పాడు.

"కింద నిలబడి, పైనున్నవాణ్ణి పిలిస్తే వాడు పలక్కపోవడం తల్లీ. అది నచ్చదు. నా సర్వీసులో రెండుసార్లు అయింది. రెండోసారి మీ అన్న. వాణ్ణి నేనే దింపాను. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇంకోసారి అవ్వదని నేను నీకు మాటివ్వలేను."

"ఇంకా?" అంది రేపటి టీచర్.

"ఇంకా ఏముందమ్మా. మర్నాడు మళ్ళీ ఎక్కాలి. కొత్తవాళ్ళని ఎక్కించాలి. అది ఇంకా నచ్చదు."

తల్లి ఇక అక్కడే కూలబడుతుందేమోనని నేను దగ్గరగా జరిగాను. పిల్ల మాత్రం, "నేను ఒకసారి ఎక్కి చూస్తాను" అంది. తల్లి చెయ్యి పైకి లేచింది, ఆపబోయినట్టు. మళ్ళీ తనే దించుకుంది.

లోపలికి వెళ్ళాం. పిల్లకి బెల్టు కట్టారు, పైనుంచి తాడు వేసి ఇద్దరు పట్టుకున్నారు. మేస్త్రీ ఆ తల్లి దగ్గరకొచ్చి, "అమ్మా, పైకెళ్ళాక కిందనుంచి పేరు పెట్టి పిలవకూడదు. ఉలిక్కిపడతారు" అన్నాడు. తల్లి తలూపి, అరచేత్తో నోరు మూసుకుంది.

ఆ పిల్ల ఎక్కుతుంటే చూడాలి. తడుముకోవడం లేదు, తొందర లేదు. చెయ్యి ఎక్కడ వేయాలో, కాలు ఎక్కడ పెట్టాలో ముందే తెలిసినట్టు ఎక్కేసింది. పైకెళ్ళి బెల్టు బిగించుకుని, నడుము వెనక్కి వాల్చి, రెండు చేతులూ వదిలి ఊరంతా చూసింది. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. బడిలో తల వంచుకుని తిరిగే పిల్ల మొహం కాదది. కుర్రాళ్ళలో ఒకడు ఈల వేయబోయి ఆగాడు.

తర్వాత ఆ పిల్ల కిందికి చూసింది. తల్లి తలెత్తి, నోటిమీద చెయ్యి తీయకుండా, రెప్ప వేయకుండా నిలబడి ఉంది. పిల్ల అలా చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. నెమ్మదిగా దిగివచ్చింది.

"నాకు వద్దు టీచర్. భయమేసింది. చేతులు వణుకుతున్నాయి" అంది.

తల్లి ఒక్క ఉదుటున వచ్చి పిల్లని గుండెకి హత్తుకుని భోరుమంది. ఆవిడ వీపు చుట్టూ ఉన్న పిల్ల చేతుల్ని నేను చూశాను. వణకడం లేదు. రేపటి టీచర్ కూడా వాటినే చూస్తోంది.

బస్సులో తల్లి కిటికీ పక్కన కూర్చున్న మరుక్షణమే నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో అది. పిల్ల వచ్చి మా ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"పైనుంచి అమ్మ మొహం కనిపించింది టీచర్. అన్న ఎప్పుడూ చూసుండడు. చూసుంటే వాడూ దిగేసేవాడు."

"నీకు నిజంగా భయమేసిందా?" అని అడిగింది ఆవిడ.

"లేదు." నిద్రపోతున్న తల్లి వైపు చూసి అంది. "అమ్మకి చెప్పకండి. భయపడి దిగాననే అనుకోనివ్వండి. తనకోసం మానేశానని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు. ఏదో ఒక అకౌంట్స్ కోర్సు చూడండి టీచర్, నేలమీద ఉండేది."

రేపటి టీచర్ నోరు తెరిచింది. ఏదో చెప్పబోతోందని నేననుకున్నాను. ఇన్నేళ్ళుగా ఎంతమంది తల్లిదండ్రులతో ఆవిడ వాదించిందో విన్నవాణ్ణి. పిల్ల ఇష్టం పిల్లదే అని బల్ల ఎదురుగా ఎంత గట్టిగా నిలబడిందో తెలిసినవాణ్ణి. ఆవిడ వాదించలేదు. పిల్ల తలమీద చెయ్యి వేసి, "చూస్తానమ్మా" అంది. ఆ తల్లి దగ్గర్నుంచి ఒక బిడ్డని తీసుకున్నాక ఇంకేం అనగలదు? నేనే అయినా అనలేను.

అకౌంట్స్ కోర్సుకి కావలసినవన్నీ ఆవిడే కూర్చుని చూసింది. ఏ కాలేజీ, ఏ సబ్జెక్టులు, తర్వాత ఎక్కడ ఉద్యోగం దొరకవచ్చు, అన్నీ పిల్లకి విడమరిచి చెప్పింది. పిల్ల అన్నిటికీ "సరే టీచర్" అంది. పూట పనికి ఒక ఆడిటర్ ఆఫీసుకి కూడా వెళ్ళివచ్చారు. ఎలా ఉందని నేనడిగితే పిల్ల, "ఏసీ ఉంది సార్" అంది. మార్కులు బాగా వచ్చాయి, సీటు దొరికింది.

సీటు వచ్చిన రోజు తల్లి వచ్చింది. ఈసారి కూర్చుంది. కొత్త చెప్పులు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. వాడు పోయాక ఆవిడ గొంతులో ఆ తేలిక నేను మొదటిసారి విన్నాను.

"మీ చేతి చలవమ్మా. మీరు వద్దని ఒక్క మాట అనకుండానే దాని మనసు తిప్పారు. నేను చెప్తే వినేది కాదు. దాని అంతట అదే భయపడి దిగింది, ఆ దేవుడే దింపాడు. అంతా మీ వల్లే. మీ మీద మనసులో ఏదో పెట్టుకున్నాను, ఆ రోజు నోటిదాకా వచ్చింది కూడా. అది మర్చిపోండి. మీరు చల్లగా ఉండాలి."

రేపటి టీచర్ ఏం జవాబు చెప్పిందో నాకు వినపడలేదు. తల్లి లేచి, వెళుతూ వెళుతూ నాకు కూడా దండం పెట్టి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని రేపటి టీచర్ దగ్గరకి వెళ్ళాను. ఆవిడ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"వాడు పోయిన రోజు ఆవిడ నన్ను తిట్టుంటే బాగుండేది సార్" అంది. "ఇవాళ దీవించింది."

"పోనీలెండి టీచర్ గారూ. ఆ తల్లికి రాత్రిళ్ళు నిద్రపడుతుంది."

"పడుతుంది." తలూపింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఆ పిల్ల ఎంత బాగా ఎక్కిందో చూశారా మీరు?"

"చూశాను" అన్నాను. "వాళ్ళన్న కంటే బాగా ఎక్కింది."

ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చింది.